పిట్టకు పెట్టిన రోజు

కాకుల గురించి చదవడానికి కెన్యా దాకా పోవడమేమిటని మా గల్లీలో నవ్వనివాళ్లు లేరు. నిజానికి నేను పోయింది కాకుల కోసం కాదు, రాబందుల కోసం. హైదరాబాద్‌లో జంతుశాస్త్రం పీజీ చేస్తుండగా, వన్యప్రాణుల సంరక్షణ మీద విదేశంలో ఒక సెమిస్టరు పాటు అడవి పక్కనే క్యాంపులో ఉంచి పరిశోధన నేర్పే కోర్సు ఒకటుందని తెలిసింది. దరఖాస్తు పెట్టాను, స్కాలర్‌షిప్ వచ్చింది, పోయాను. ఈ మాట బోధన్‌లో మా ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లకు చెప్పబోతే సగంలోనే ఆపి, అయితే అక్కడ నౌకరీ ఇస్తారా అని అడిగేవాళ్లు. ఇవ్వరంటే జాలిగా చూసేవాళ్లు. ఆ చూపులకు నాకు ఒళ్లు మండేది. రాబందు పేరెత్తితే మరీ ముఖాలు చిట్లించేవాళ్లు, శవాలు తినే పిట్ట గురించి ఆడపిల్ల చదవడమేమిటని. అందుకని మా అన్నే ఒక ఉపాయం చేసి, అడిగిన వాళ్లందరికీ కాకుల చదువని చెప్పిపెట్టాడు.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. ట్రాక్టర్ నడిపేవాడు. చెరుకు సీజన్లో రెంజల్ వైపు పొలాల నుంచి చెరుకు, కోతలప్పుడు వడ్లు తోలేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలకో పోతోంది కాబట్టి, సీజన్ వచ్చిందంటే ఇంట్లో పడుకునేది తక్కువ, రోడ్డు మీద గడిపేది ఎక్కువ. మా చిన్నప్పుడు ఫ్యాక్టరీ నడిచేది. బడి నుంచి వచ్చే దారి పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. అన్న ట్రాలీ వెనక పరిగెత్తి ఒక గడ లాగి, మోకాలికి కొట్టి విరిచి, మొదలు నాకిచ్చి కొస తను తినేవాడు. కొసలో చప్పదనం తప్ప తీపి ఉండదు. తనకు కొసే ఇష్టమనేవాడు. నేను చాలా ఏళ్లు నమ్మాను. తర్వాత తనే ట్రాక్టర్ ఎక్కాక, వెనక పిల్లలు గడలు లాగుతుంటే అద్దంలో చూసి బండి నెమ్మది చేసేవాడని వదిన చెప్పింది.

నేను కెన్యా పోయే రోజు నన్ను నిజామాబాద్ బస్టాండ్ దాకా తీసుకొచ్చింది అన్నే. అవ్వ రాలేదు. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. ఆమెకు ఆ రోజు బీడీలు కంపెనీకి అప్పజెప్పే రోజు, పైగా బస్టాండ్‌లో ఏడిస్తే పదిమందీ చూస్తారని భయం. అన్న నన్ను హైదరాబాద్ బస్సు ఎక్కించి, నీళ్ల సీసా, మిర్చి బజ్జీల పొట్లం కిటికీలోంచి అందించాడు. బజ్జీల నూనె నా కొత్త పాస్‌పోర్ట్ సంచికి అంటుతుందని నేను కసురుకున్నాను. పోయి ఫోన్ చెయ్యమన్నాడు. బ్యాగు పైన సర్దడానికి అటు తిరిగాను. మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి అన్న లేడు. బస్సు ఇంకా కదలనే లేదు, డ్రైవర్ కూడా ఎక్కలేదు. జనంలో ఎటు చూసినా ఆ నీలం చొక్కా కనపడలేదు.

నాకు డిచ్‌పల్లి దాటేదాకా కోపం దిగలేదు. సముద్రాలు దాటిపోతున్న చెల్లెలికి చేయి ఊపడానికి ఒక్క పావుగంట ఆగలేడా అని. హాస్టల్‌కు దింపినప్పుడు కూడా ఇదే వరస. మనం అటు తిరిగి ఇటు తిరిగేలోపు మాయం. ఫోన్ చేసి తిట్టాను. బండి అడ్డంగా పెట్టొచ్చానని, పోలీసు అరుస్తున్నాడని ఏదో చెప్పాడు. మేము వచ్చింది బండి మీద కాదు, బోధన్ బస్సులో. ఆ సంగతి గుర్తు చేస్తే నవ్వి ఫోన్ పెట్టేశాడు.

క్యాంపు ఒక గడ్డిమైదానం అంచున ఉండేది. గుడారాలు, ఒక వంటపాక, గుట్ట మీద నీళ్ల ట్యాంకు. ఫోన్‌కు సిగ్నల్ దొరికేది ఆ ట్యాంకు దగ్గరే. మా పని చచ్చిన పశువుల దగ్గరికి ఏ పిట్టలు ఎప్పుడు వస్తాయో గమనించడం. పశువులను చంపిన సింహం మీది కసితో కొందరు కళేబరానికి విషం పూస్తారు, అది తిని రాబందులు గుంపులు గుంపులుగా చనిపోతాయి. మా ఊర్లో నేను రాబందును ఎన్నడూ చూడలేదు. మా నాన్న, మేం బాపు అంటాం, చూశాడట, పసుపువాగు దాటాక ఎముకల దిబ్బ దగ్గర. మొదటిసారి అక్కడ రాబందు రెక్కలు విప్పి దిగుతుంటే చూసి నాకు బాపే గుర్తొచ్చాడు.

అక్కడ నేను చేసిన మొదటి పనే తప్పయింది. కళేబరానికి బాగా దగ్గరగా, ఒక కొయ్య పాతి దానికి కెమెరా బిగించి వచ్చాను. బొమ్మలు స్పష్టంగా పడతాయని నా ఆశ. మరుసటి రోజు చూస్తే ఒక్క పిట్టా లేదు. చెట్టు నిండా కూర్చుని ఉన్నాయి, కింద తిండి ఉంది, ఒక్కటీ దిగలేదు. మాకు పాఠం చెప్పే మేడమ్ నన్ను ఏమీ అనలేదు. పిట్టకు ఆకలి కంటే అనుమానం ఎక్కువ అని, కొత్త వస్తువు దాని కంటికి పాతబడేదాకా దగ్గరికి రాదని, అందులోనూ తనవైపే చూస్తున్నట్టుండే వస్తువంటే అసలు రాదని చెప్పింది. కాకి జాతి మరీ అనుమానపు జాతట. కెమెరాను దూరంగా పొదలోకి మార్చాక అవన్నీ దిగాయి.

అక్కడి కాకులకు ఛాతీ, మెడ తెల్లగా ఉంటాయి. వాటి ఫోటో పంపితే అన్న వెంటనే ఫోన్ చేశాడు.

"గా దేశంల కాకికి బనీను తొడిగిండ్రేందే," అన్నాడు.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఇదే మా ముచ్చట. నేను ట్యాంకు దగ్గర కూర్చునేదాన్ని, అన్న మా ఇంటి వెనక రేకుల మీద వాలిన కాకులను నాకు వీడియోలో చూపించాలని తంటాలు పడేవాడు. ఫోన్ దగ్గరికి తీసుకుపోగానే అవి ఎగిరిపోయేవి. మన కాకులకు ఫోటో అంటే సిగ్గని నవ్వేవాడు. ఫోన్ అక్కడ పెట్టి నువ్వు పక్కకు పో, నాలుగు రోజులు అలవాటైతే వస్తాయని నేను మా మేడమ్ చెప్పిన పాఠం అప్పజెప్పాను. అట్లా పెట్టిపోతే ఫోన్ దగ్గరికి కాకి రావడం సంగతి దేవుడెరుగు, మన గల్లీవాళ్లెవరో ఒకరు ఎత్తుకుపోతారన్నాడు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది. అన్నతో అంతగా నవ్వడం అదే ఆఖరు.

అక్టోబర్ ముగుస్తుండగా అన్నకు జ్వరమని వదిన చెప్పింది. చెరుకు సీజన్ మొదలవబోతోంది, ట్రాక్టర్‌కు కొత్త టైర్లు వేయించాడు, జ్వరంతోనే తిరుగుతున్నాడని కోపంగా చెప్పింది. మరుసటి ఉదయం మేము మైదానం లోపలికి పోయాం. అక్కడ సిగ్నల్ లేదు. అప్పుడే వానలు పట్టుకున్నాయి. వారం తర్వాత తడిసిన సామాన్లతో క్యాంపుకు తిరిగొచ్చి, వేడి చాయ్ తాగి, అన్న మీద ఏదో ఒక జోకు పేల్చాలని ఆలోచిస్తూ గుట్ట ఎక్కాను. ఫోన్‌లో సందేశాలు ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. డెంగీ. నిజామాబాద్ ఆసుపత్రి. రక్తం కావాలి. తర్వాత బాపు పంపిన ఒక్క మాట, ఫోన్ చెయ్యమని. నేను ఆ మాట చూసేసరికి అన్నను కాల్చి కూడా వచ్చేశారు.

ఆ సాయంత్రం నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. ఎవరో గొడుగు పట్టారు. మేడమ్ టికెట్ సంగతి చూసింది. కానీ క్యాంపుకూ పట్నానికీ మధ్య వాగు పొంగి రోడ్డు కోసుకుపోయింది, నీళ్లు తగ్గేదాకా బండి కదలదని చెప్పారు. మా దగ్గర మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోటుకు తీసుకుపోయి విస్తట్లో పెట్టి, అందరూ దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. చివరికి ఆవుకో కుక్కకో పెట్టి ఇంటికొస్తారు కానీ, ఆ కొరత ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏ పెళ్లిలోనో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, అవ్వలాంటి మనిషి దాన్ని జీవితాంతం మోస్తుంది. దానికైనా నేను ఉండాలని ఏడ్చాను. ఫోన్‌లో చూపిస్తామని చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడి వరస, మాటిచ్చాడు.

మూడోనాడు పొద్దున ట్యాంకు దగ్గర కూర్చున్నాను. వాన ఆగింది, గడ్డి అంతా తడి. ఫోన్ మోగింది. తెర మీద అన్న ఫోటో, అన్న అని పేరు. తమ్ముడు అన్న ఫోన్ నుంచి చేశాడు. రెండోసారి మోగాక ఎత్తాను.

చెరువు కింది వైకుంఠధామం, అన్నను కాల్చిన శ్మశానం, కనపడింది. తమ్ముడు ఒక చెరుకుగడను పైన చీల్చి, ఆ చీలికలో ఫోన్‌ను ఇరికించి, నాకు బాగా కనపడాలని విస్తరికి దగ్గరగా నేలలో పాతాడు. అన్న దగ్గర కూర్చున్నట్టే ఉంటుందక్కా అన్నాడు. నిజంగా అట్లాగే ఉంది. నా ముందు మోదుగాకు విస్తరి, దాని మీద బగారన్నం, నాటుకోడి కూర, మిర్చి బజ్జీలు, గ్లాసులో చాయ్. పక్కన బీడీ కట్ట ఒకటి. అది అవ్వ పెట్టింది. అన్న బీడీ తాగుతాడని తెలిసి, మేం చుట్టేది చాలు, నువ్వు కాల్చవద్దని ఇరవై ఏళ్లవాడైనప్పటి నుంచి అరుస్తూనే ఉండేది. ఆ రోజు తను చుట్టిన కట్టే తెచ్చి పెట్టింది. ఆ కట్టను చూశాక నాకు తెర కాసేపు సరిగా కనపడలేదు.

విస్తరి వెనక తుమ్మచెట్టు ఉంది. దాని కొమ్మ మీద కాకి. అందరూ జరిగిపోయారు. కాకి నేల మీదికి దిగింది. రెండు గంతులు వేసి, మెడ పక్కకు వంచి, సూటిగా నావైపు చూసింది. తిరిగి చెట్టెక్కింది. ఇంకొకటి వచ్చి పక్కన కూర్చుంది. అది కూడా దిగి, సగం దూరం వచ్చి, వెనక్కి పోయింది. ఎవరో కావ్ కావ్ అని పిలిచారు. నాకు మనుషులు కనపడటం లేదు, వెనక నుంచి మాటలు మాత్రం వినపడుతున్నాయి. చెల్లె మీద ప్రాణమున్నది పోరనికి, అందుకే ముడుతలేడు అని ఒక ముసలామె అంది. వదిన వెక్కిళ్లు వినపడ్డాయి.

అన్నకు పిల్లలు లేరు కాబట్టి కర్మ అంతా బాపే చేస్తున్నాడు. ఆయన గొంతు ముందుకొచ్చింది.

"నీ సెల్లె సదువు నడుమల ఆపం కొడుకా. నువ్ రంది వెట్టుకోకు. వచ్చి ఇంత ముట్టు," అన్నాడు.

బాపు అన్నను కొడుకా అని పిలవగా నేనెప్పుడూ వినలేదు. కాకి కదలలేదు. ఎండ విస్తరి మీదికి ఎక్కుతోంది. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు అవ్వ ఫోన్ వెనక దాకా వచ్చి, నువ్వు చెప్పు బిడ్డా, నీ మాటైతే వింటాడు అంది. అన్నా, నేను మంచిగున్న, నువ్ తిను అన్నాను. ఇంకా ఏదో అనబోయాను. నా గొంతు ఫోన్‌లోంచి పెద్దగా వచ్చేసరికి కాకులు రెండూ బెదిరి లేచి, ఎక్కడో దూరం కరెంటు తీగ మీదికి పోయి కూర్చున్నాయి.

నాకు అప్పుడు తట్టింది. తట్టడం కాదు, కాకి మొదటిసారి మెడ వంచి చూసినప్పుడే లోపల ఎక్కడో తెలిసింది. కొయ్యకు బిగించిన కెమెరా, చెట్టు నిండా ఆకలితో కూర్చున్న పిట్టలు. చెరుకుగడకు ఇరికించిన ఫోన్, తుమ్మచెట్టు మీద కాకి. దానికి అడ్డం అన్న కోరికా కాదు, నా చదువూ కాదు. నేనే అడ్డం. నేను చూస్తున్నంతసేపు అది రాదు. ఆ ముక్క చెబితే ఫోన్ తీసేస్తారు. తీసేస్తే అన్న దగ్గర నాకున్న ఆ కాస్త చోటూ పోతుంది. కాల్చేటప్పుడు లేను, ఆసుపత్రిలో లేను. ఇదొక్కటే మిగిలింది. దేవుడా, ఏదో ఒకటి దిగితే బాగుండునని చూశాను. అవ్వ మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది, ఈసారి గొంతు లేకుండా.

"ఫోన్ తియ్యుండ్రి," అన్నాను.

"నువ్ సూడవా బిడ్డా?" అంది అవ్వ.

"నేను సూస్తె రాదవ్వా. తియ్యమను."

తమ్ముడు గడ పీకాడు. ఆకాశం, రేకుల షెడ్డు, తమ్ముడి గడ్డం గిర్రున తిరిగి తెర నల్లబడింది. ఫోన్‌ను కంగారులో కట్ చేయకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు బట్ట రాపిడి వినపడింది, అడుగుల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నా వెనక గుట్ట కింద, వంటపాక దగ్గర, బనీను తొడిగిన కాకులు అరుస్తున్నాయి. వాటి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చేతిలో ఉన్న నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి జేబు లోపలి నుంచి ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. అందరికంటే పైన అవ్వ గొంతు. అంతవరకు వాళ్లు ఏడ్చిన ఏడుపు వేరు, అది వేరు. దాన్నిబట్టే కాకి ముట్టిందని నాకు తెలిసింది.

వాగు తగ్గాక నేను ఇంటికి చేరేసరికి గల్లీలో చెరుకు ట్రాక్టర్ల చప్పుడు మొదలైంది. అన్న ట్రాక్టర్ కొత్త టైర్లతో గోడ పక్కన నిలబడి ఉంది. వచ్చిన ఆడవాళ్లెవరూ నౌకరీ సంగతి అడగలేదు. పదకొండో రోజు కార్యం అయిపోయి చుట్టాలు వెళ్లాక, అవ్వ మళ్లీ చాట ముందేసుకుంది. తునికాకు కత్తిరిస్తోంది కానీ చుట్టడం లేదు, కత్తిరించిన ఆకులు ఒళ్లో పోగవుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. ఆమెకు నిజం చెప్పాలని అనుకున్నాను. అన్న మనసులో ఏ కొరతా లేదని, కాకి భయపడింది ఫోన్‌కేనని, మా క్యాంపులో కూడా ఇట్లాగే జరిగిందని. కాకికి ఫోన్ అంటే భయం అవ్వా అని మొదలుపెట్టాను.

అవ్వ తల ఎత్తలేదు.

"ఫోన్ గాదు బిడ్డా. నువ్ సూస్తుండంగ పోవుడు ఆనికి శాతగాదు. నిన్ను బస్సెక్కిచ్చి వచ్చిననాడు గూడ గదే అన్నడు. సెల్లె అటు మల్లంగనే వచ్చేసిన అవ్వా, అది సూస్తుంటె కాలు కదల్లే అన్నడు."

కెమెరా సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. అవ్వ ఒళ్లోంచి ఆకులు తీసి చాటలో వేశాను. ఆ రోజు బస్సులో పైన అర నిండా ఎవరివో మూటలున్నాయి. బ్యాగుకు చోటు చేయడానికి వాటిని జరుపుతూ, సణుగుతూ, నేను చాలాసేపు కిటికీ వైపు ముఖం పెట్టే అటూ ఇటూ కదిలాను, చివరికి బ్యాగు ఎత్తడానికే అటు తిరిగాను. అన్న నాకోసం ఆగలేదని ఇన్నాళ్లూ కోపం పెట్టుకున్నాను. నేను అటు తిరిగేదాకా ఆయన ఆ కిటికీ కిందే నిలబడి ఉన్నాడు.